నైరుతి తలుపు

పోయిన వారం ఊర్మిళను మోకాలు దాటిన వరద నీళ్ళలో, మహారాజా హోటల్ మెట్ల దగ్గర నిలబెట్టి వచ్చేశాం. ఆ పిల్లను వారమంతా వానలో నానబెట్టానని నన్ను తిడుతూ ఉత్తరాలు రాసిన పాఠకులకు ఒక దండం. ఇదిగో, ఇప్పుడే మెట్లెక్కిస్తున్నాను.

ఈ కథను ఇవాళే చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఊర్మిళది హనుమకొండ. నదికి వరదొస్తే ఏ కట్టడం దగ్గర ఎంత నీరు నిలుస్తుందో లెక్కకట్టే చిన్న కంపెనీలో ఇంజనీరు. ఆఫీసు మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో. జర్మనీలో ఉద్యోగం చేసుకోవడానికిచ్చే బ్లూ కార్డు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. భర్త మనోహర్ ఎర్లాబ్రుక్ అణువిద్యుత్ కేంద్రంలో జనరేటర్లు చూసుకునే కాంట్రాక్టు జట్టులో ఉన్నాడు. జపాన్‌లో సముద్రం పొంగి అక్కడి కేంద్రం పేలిన ఏడాదే ఇక్కడ దీన్ని కూడా మూసేశారు. మూసేశారు కాబట్టి ఇక భయం లేదని ఊరంతా నిశ్చింతగా ఉంది.

పొయ్యి ఆర్పేశాక కూడా గిన్నె చేయి కాలుస్తుందని వంట చేసినవాళ్ళెవరికైనా తెలుసు. వాడేసిన ఇంధన కడ్డీలు ఏళ్ళ తరబడి వేడిగానే ఉంటాయి. వాటిని ముంచి ఉంచిన కొలనులో నీళ్ళు తిరుగుతూ ఉండాలి. తిరగాలంటే కరెంటు కావాలి. బయటి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లే దిక్కు. ఆ జనరేటర్లున్న డీజిల్ హౌస్ ఎర్లా నది ఒడ్డునే ఉంది. మనోహర్ నిన్నటి నుంచి దాని నేలమాళిగలో ఉన్నాడు. 'ఫోన్ లాకర్‌ల పెట్టాలె. నువ్వు తిను' అన్నది అతని దగ్గర్నుంచి వచ్చిన చివరి మెసేజ్.

డీజిల్ హౌస్ గుమ్మానికి అడ్డంగా ఇనుప పలకలు బిగించారు. ఎంత ఎత్తు దాకా బిగించాలో నిర్ణయించింది ఒక రాయి. జర్మనీలో నది పక్క ఊళ్ళలో ఒక అలవాటుంది. పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇంటి గోడ రాయి మీద గీత చెక్కి, సంవత్సరం వేస్తారు. ఎర్లాబ్రుక్‌లో అలాంటి రాయి ఒకటుంది. రెండు వందల ఏళ్ళ కిందటి మహా వరద గుర్తు. ఇంతకన్నా పెద్ద వరద ఈ నదికి రాలేదని లెక్క. ఆ గీతను ప్రమాణంగా తీసుకుని, ప్లాంట్ దగ్గర గోడ పెంచాలన్న ప్రతిపాదనను కిందటేడు పక్కన పడేశారు.

కానీ ఊర్మిళకు అక్కడే అనుమానం వచ్చింది. అదే వరదకు పై ఊళ్ళో చర్చి కిటికీలు మునిగాయి. కింది ఊళ్ళో రాతి వంతెన కొట్టుకుపోయింది. మధ్యలో ఉన్న ఎర్లాబ్రుక్‌లో మాత్రం అవే నీళ్ళు మర్యాదగా సందులోకి వచ్చి, మనిషి నడుము దాకా లేచి, ఆగిపోయాయట! ఆఫీసులో పెద్దాయనకు చెబితే సోమవారం మాట్లాడదామన్నాడు. ఇవాళ ఆదివారం. నది సోమవారం దాకా ఆగేలా లేదు. రైలు ఆగిపోయిన చోట దిగి, ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ బండి బతిమాలి ఎక్కి, ఆ రాయిని కళ్ళతో చూడ్డానికి ఊర్మిళ వచ్చేసింది.

రాయి ఉన్నది మహారాజా హోటల్ గోడకే.

"అయ్యో అయ్యో, ఇలా ముద్దయిపోయి వచ్చావేంటే తల్లీ!" అంటూ హోటల్ నడిపే గిరిజ తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. అరవై దాటిన మనిషి. చేతులకు సాంబారు పొడి వాసన. లోపల పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. ఇసుక బస్తాలు మోస్తున్న కుర్రాళ్ళకు పొద్దుటి నుంచి డబ్బాలు కట్టి పంపిస్తోంది. హోటల్ పేరు మహారాజా అని, గోడ మీద తాజ్‌మహల్ బొమ్మ ఉందని మోసపోకండి. వండేదంతా తెనాలి వంటే. మనోహర్ శనివారం శనివారం ఇక్కడికొచ్చి గోంగూర పచ్చడితో రెండు పళ్ళేలు లాగించేవాడు.

"ఆంటీ, ఫస్ట్ అంకుల్‌తోని మాట్లాడాలె. ఉన్నరా?"

"ఉన్నారు, ఎక్కడికి పోతారు? మేడ మీద సర్దుతున్నారు. ఏవండీ! ఊర్మిళ వచ్చింది!"

విశ్వనాథం మెట్లు దిగి వచ్చాడు. ఎర్లాబ్రుక్ తెలుగు వాళ్ళకు ఆయన పెద్ద దిక్కు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో చదువుకు వచ్చి ఇక్కడే స్థిరపడి, అణువిద్యుత్ కేంద్రంలో సివిల్ ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. డీజిల్ హౌస్ కట్టించింది ఆయనే. మనోహర్‌కు ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. ఉగాది సభల్లో మైకు పట్టుకుంటే జాతకాలనూ వాస్తునూ ఉతికి ఆరేసేవాడు. విమానమెక్కినవాడికి రాహుకాలమేంట్రా అంటే కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊర్మిళ కూడా కొట్టింది.

"ఈ వానలో ఎందుకొచ్చావమ్మా? మనోహర్ క్షేమంగానే ఉంటాడు. ఆ భవనం నేను కట్టించింది" అన్నాడు.

"అంకుల్, ఒక్కటే అడుగుత. కింద సందుల ఉన్న రాయి, ఆ వరద గుర్తు, మొదటి నుంచి గక్కడనే ఉన్నదా?"

"అక్కడే ఉంది."

ఆలోచించకుండా, తడుముకోకుండా వచ్చింది జవాబు. ఊర్మిళ గుండె కాస్త కుదుటపడింది. తన లెక్కే తప్పయి ఉంటుంది. పై ఊరి వాళ్ళు గొప్పలకు పోయి ఎక్కువ రాసుకుని ఉంటారు. తప్పు తనదే కావాలని ఆ క్షణంలో ఆమె మనస్ఫూర్తిగా కోరుకుంది. అలా కోరుకునే ఇంజనీర్లను నేను పెద్దగా చూడలేదు.

"నీళ్ళు ఆ గీత దాటవమ్మా. రెండొందల ఏళ్ళలో దాటలేదు. నువ్వు తల తుడుచుకో ముందు" అని ఆయన మళ్ళీ మేడ మెట్ల వైపు తిరిగాడు. మెట్ల కింద పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. దాన్ని భుజానికెత్తుకోబోయాడు.

ఊర్మిళ తువ్వాలు జుట్టుకు చుట్టుకుంటూ ఆ బస్తా వైపే చూసింది. మెట్లలోంచి కనిపిస్తున్న మేడ మీద అప్పటికే బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. నూనె డబ్బాలు, పిండి డబ్బాలు, గిరిజ కుట్టు మిషను, దేవుడి పటాలు. సందులో నీళ్ళు ఆ గీత దాకా వచ్చినా హోటల్ నేల తడవదు. మధ్యలో మనిషెత్తు మెట్లున్నాయి. గీత దాటవన్న మనిషి, డెబ్బై ఏళ్ళ వయసులో, నడుం నొప్పితో, బియ్యం బస్తాలు మేడ మీదికి ఎందుకు మోస్తున్నాడు?

అడగడానికి నోరు రాలేదు. పెద్దమనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్కపోతే నెల రోజులు ఇదే మేడ మీద ఉంచుకున్న మనిషి. ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే ఆ ఊళ్ళో చిరునామా నమోదుకు, వెంటబెట్టుకుని తీసుకెళ్ళిన మనిషి. అందుకని గిరిజను అడిగింది. అది కూడా చుట్టు తిప్పి.

"ఆంటీ, బజారు పైన ఉన్నది కదా. మంది అంత అటే తిరుగుతరు. మీరు తలుపు గీ సందు దిక్కు ఎందుకు పెట్టిన్రు? ఎవరన్న వచ్చినా గిన్ని మెట్లు ఎక్కాలె."

గిరిజ పప్పు గరిటె పక్కన పెట్టి నవ్వింది. ఆ నవ్వులో పాత సరదా తప్ప ఇంకేం లేదు. పాపం, ఆవిడకేం తెలుసు?

"అదో కథమ్మా. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు తలుపు బజారు వైపే ఉండేది. హోటల్ పెట్టి ఏడాదైనా ఈగ వాలలేదు. అదే టైంలో ఈయనకు ప్లాంట్‌లో కూడా ఏదీ కలిసిరాలేదు. అక్కడ కొత్తగా కట్టిస్తున్న డీజిల్ హౌస్‌లో మెట్ల మీంచి ఓ మనిషి పడి నడుం విరిగింది. ఇంటికొచ్చి అన్నం తినేవారు కాదు. అప్పుడే విజయవాడ నుంచి వాస్తు ఆయనొకరు వాళ్ళమ్మాయింటికని డ్రెస్డెన్ వచ్చారు. ఈయన కారేసుకుని వెళ్ళి మరీ తీసుకొచ్చారు."

"ఎవరు? అంకులా?"

"ఇంకెవరు? నాకా పిచ్చి లేదమ్మా. మైకులో చెప్పేవి వేరు, మనసులో భయం వేరు. ఆయనొచ్చి దిక్సూచి పెట్టి చూసి, ఇది నైరుతి తలుపు, మూసెయ్యకపోతే ప్రాణం పోతుందన్నారు. ఇంకేముంది, తాపీ మేస్త్రీని పిలిచి ఆ తలుపు మూయించి, తూర్పున సందులోకి ఇది తెరిపించారు. గుమ్మం పక్కనున్న రాయి కూడా..."

"గిరిజా!"

మెట్ల మీంచి వచ్చిన ఆ కేకకు గిరిజ చేతిలో గరిటె కింద పడింది. బియ్యం బస్తా విశ్వనాథం భుజం మీంచి జారి, కుట్లు తెగి, గింజలు మెట్ల మీంచి జలజలా కిందికి దొర్లాయి.

ఊర్మిళ చెవుల్లో రాయి కూడా, రాయి కూడా అని అదొక్కటే వినబడుతోంది. చెయ్యి చాచి పొయ్యి గట్టు పట్టుకుంది. గట్టు కాలుతోందన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

"రాయి కూడా ఏమైంది ఆంటీ?"

గిరిజ మొగుడి మొహం చూసింది. ఊర్మిళ మొహం చూసింది. ఏదో చెయ్యకూడని తప్పు చేశానని అర్థమైంది కానీ ఏమిటో అర్థం కాలేదు. "రాయి కూడా తెచ్చి ఈ తలుపు పక్కన పెట్టించాం. పాతకాలపు రాయి కదా, గుమ్మం పక్కనే ఉండాలన్నారు ఈయన. అప్పుడు చూసిన ముసలాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఏం? పెట్టకూడదా?"

"ఎంత ఎత్తుల పెట్టిన్రు?"

"అక్కడ ఎంత ఎత్తులో ఉందో ఇక్కడా అంతే. నడుమెత్తులో. మేస్త్రీ కొలుచుకుని మరీ పెట్టాడు."

కొలుచుకుని మరీ పెట్టాడు. బజారు నేల మీంచి నడుమెత్తు కొలిచి, దాన్నే తెచ్చి, మనిషెత్తు పల్లంలో ఉన్న సందు నేల మీంచి నడుమెత్తులో పెట్టాడు. ఆ మేస్త్రీని అనడానికేం లేదు. అతనికి అది ఒక రాయి.

"అంకుల్, ఇప్పుడే కదా నేనడిగిన. అక్కడనే ఉందన్నరు."

విశ్వనాథం మెట్ల మీదే కూర్చుండిపోయాడు. చుట్టూ బియ్యం. "చూడమ్మాయ్, కంగారు పడకు. లెక్కల్లో మార్జిన్ అని ఉంటుంది. ఒక్క రాయిని పట్టుకుని ఎవరూ డిజైన్ చెయ్యరు."

"చేసిన్రు! గదే రాయిని పట్టుకొని కిందటేడు గోడ పెంచుడు బంద్ పెట్టిన్రు. ఆ రిపోర్టు నేను చూసిన. రాయి స్థానం మారలేదని ఇంటి యజమాని చెప్పిండని ఉంది. ఇంటి యజమాని అంటే ఎవరో పాత జర్మన్ ముసలాయన అనుకున్న. ఇల్లు మీదే కదా అంకుల్?"

ఆయన మెట్టు మీది బియ్యం గింజల్ని అరచేత్తో కుప్పగా పోగుచెయ్యసాగాడు.

"కొలిచెటోళ్ళు వచ్చినప్పుడు మీరు ఉన్నరా?"

"ఉన్నాను. ఇదే టేబుల్ దగ్గర వడలు తిన్నారు. పోతూ పోతూ ఒకాయన అడిగాడు, ఈ రాయి మొదట్నించీ ఇక్కడే ఉందా అని. నేను... యా అన్నాను."

"ఎందుకు?"

"ఏం చెప్పమంటావు? పాతికేళ్ళు వాళ్ళ మధ్య తలెత్తుకుని పనిచేశాను. అణువిద్యుత్ కేంద్రం సివిల్ ఇంజనీరు దిక్కుకు జడిసి ఇంటి తలుపు మార్చుకున్నాడని చెప్పమంటావా? నవ్వరా? క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి నవ్వుకోరా?" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్క మాటేగా అనుకున్నాను. ప్లాంట్ ఎలాగూ మూసేశారు. ఇంకేం వరదొస్తుందిలే అనుకున్నాను."

ఊర్మిళకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా మనిషి కాస్త స్థిమితపడాలి. ఆమెకు ఆయన మొహం కొత్తగా కనిపించింది. ఈ మనిషినేనా నేను అంకుల్ అంకుల్ అని పిలిచింది? ఈ చేతులతోనేనా మనోహర్‌కు పెళ్ళి బట్టలు పెట్టింది?

"మనోహర్ అందుల ఉన్నడు అంకుల్" అంది మెల్లగా. "మీకు తెల్వదా? నిన్నటి సంది నేలమాళిగల ఉన్నడు. పలకలు ఆ గీత లెక్కకే బిగించిన్రు. మీరు పైకి బియ్యం మోస్తున్నరు. ఆయన సంగతి యాదికి రాలేదా?"

విశ్వనాథం రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. గిరిజ మాత్రం అప్పటికి అంతా అర్థమై, గోడకు చేరగిలబడి, "అమ్మో... మన మనోహరా?" అంది.

"పాత జాగ చూపించున్రి" అంది ఊర్మిళ.

సరుకుల గది పక్క కిటికీలోంచి బజారు వీధిలోకి దిగారు ముగ్గురూ. వాన ఏటవాలుగా కొడుతోంది. గోడకు ఆనించి హోటల్ చెత్త డబ్బాలు వరసగా ఉన్నాయి. విశ్వనాథం వాటిని తనే పక్కకు లాగాడు. అన్నేళ్ళుగా డబ్బాలు అక్కడే ఎందుకు పెట్టిస్తున్నాడో ఊర్మిళకు అప్పుడు తెలిసింది. వెనక గోడ మీద మూసేసిన తలుపు ఆకారం. దాని పక్కన, చుట్టూ ఉన్న పాత సున్నంలో కలవని ఒక నలుచదరపు గచ్చు. సరిగ్గా రాయంత.

ఊర్మిళ దాని ముందు నిలబడింది. గచ్చు ఆమె నడుము దగ్గరకు వచ్చింది. తల తిప్పి మూల మీంచి సందులోకి చూసింది. రాయి ఇప్పుడున్న చోటు ఎక్కడో కింద, ఆమె పాదాలకన్నా కింద ఉంది. అంటే ఆ రోజుల్లో నీళ్ళు ఇక్కడికి వచ్చాయి. ఈ బజారులోకి, ఈ గోడకు, తన నడుము దాకా. సందు మొత్తం, హోటల్ గుమ్మం, లోపలి టేబుళ్ళు, పొయ్యి, అన్నీ ఆ నీళ్ళ కింద ఉండేవి. అదే నీరు ప్లాంట్ దగ్గర ఎంత ఎత్తుకు లేస్తుందో లెక్కకట్టడానికి ఆమెకు కంప్యూటరు అక్కర్లేదు. పలకల మీంచి కాదు, డీజిల్ హౌస్ గుమ్మం మీంచే పోతుంది.

"దేవుడా!" అంది. ఆ మాట ఆమె ఎప్పుడో గానీ అనదు.

"ఫోన్ చెయ్యున్రి. నేను చేస్తే నమ్మరు. నేనెవరు? బ్లూ కార్డు మీద వచ్చిన పిల్లను. రాయి జరిపింది మీరు. మీరే చెప్పాలె."

విశ్వనాథం జేబులోంచి ఫోన్ తీశాడు. అంకెలు చూడకుండా నొక్కాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ప్లాంట్ అత్యవసర గది నంబరు ఆయన వేళ్ళకు గుర్తుంది. స్పీకర్ పెట్టాడు. అవతల ఎత్తింది ఓబర్‌మాయర్. ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు ఆ గదికి పెద్ద.

"హెర్ విశ్వనాథం! ఇప్పుడు కాదు, దయచేసి..."

"ఓబర్‌మాయర్, విను. ఆ వరద గుర్తు తప్పు. రాయి జరిపారు. అసలు గీత మనిషెత్తు పైన ఉండేది. మీ పలకలు చాలవు. డీజిల్ హౌస్‌లోంచి మనుషుల్ని బయటికి తియ్యి."

అవతల కాగితాలు గబగబా తిప్పిన చప్పుడైంది. తరువాత, "ఎవరు జరిపారు?"

"నేను."

"ఎందుకు?"

ఇదిగో, ఈ ఒక్క ప్రశ్నకు భయపడే ఆయన అన్నేళ్ళు డబ్బాలు అడ్డం పెట్టుకున్నాడు. పెదవులు తడుపుకున్నాడు. "నా భార్యకు ఒక నమ్మకం..." అని మొదలుపెట్టాడు.

గిరిజ ఆయన వైపు చూసింది. వానలో నిలువునా తడిసి, జుట్టు నుదుటికంటుకుని చూసింది. ఆ చూపు నేను వర్ణించను. కాపురం చేసిన ప్రతి మగవాడికీ అది తెలుసు.

"కాదు" అన్నాడు విశ్వనాథం. "నా నమ్మకం. నైరుతి దిక్కున తలుపుంటే కీడని మా వైపు అంటారు. నేను నమ్మాను. నేనే మూయించాను. నా భార్యకు దీంతో సంబంధం లేదు. నవ్వాలనుంటే తరువాత నవ్వండి."

ఓబర్‌మాయర్ నవ్వలేదు. అతని వెనక ఎవరో అరుస్తున్నారు, ఏదో యంత్రం కూత పెడుతోంది.

"హెర్ విశ్వనాథం, ఇందాకే టవర్లు పడి బయటి కరెంటు పోయింది. డీజిళ్ళు నడుస్తున్నాయి. కొలను చల్లగానే ఉంది, ఇప్పటికైతే. లోపల ముగ్గురున్నారు. తలుపు బయటికి తెరుచుకునేది, దానికి అడ్డంగా పలకలు బిగించాం. నీళ్ళు పలకల పైఅంచుకు జానెడు కింద ఉన్నాయి. ఇప్పుడు వాటిని విప్పితే నది మొత్తం ఆ గుమ్మంలోంచి లోపలికి పోతుంది."

"విప్పకపోతే?" అని జర్మన్‌లోనే అరిచింది ఊర్మిళ. "విప్పకపోతే వాళ్ళేమవుతారు?"

"ఎవరది?"

"లోపలున్న మనోహర్ భార్య" అన్నాడు విశ్వనాథం.

ఓబర్‌మాయర్ గొంతు మారింది. అధికారి గొంతు కాదది, పాత శిష్యుడి గొంతు. "సార్, ఆ భవనం మీరు కట్టించారు. నా దగ్గరున్న డ్రాయింగుల్లో గుమ్మం ఒక్కటే ఉంది. వెనక కొండ, ముందు నది. ఇంకేదైనా దారి ఉందా? మీకు గుర్తున్నది ఏదైనా?"

ఊర్మిళ ఆయన మొహంలోకి చూసింది. ఉందనండి అంకుల్, ఉందనండి అని లోపల్లోపల వేడుకుంటోంది. కింద సందులో నీళ్ళు రాయి దాకా వచ్చేశాయి. గీత సగం కనబడుతోంది, సగం కనబడటం లేదు.

విశ్వనాథం చెయ్యి వెనక్కి వెళ్ళి గోడను పట్టుకుంది. మూసేసిన తలుపు మీద పడింది. అక్కడ అలాగే ఉండిపోయింది.

ముందు అర్థమైంది గిరిజకు. మెట్ల మీంచి పడి నడుం విరిగిన మనిషి, అన్నం తినని రాత్రులు, రెండు చోట్లా ఒకే ఏడాది తాపీ పని. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏవండీ... అక్కడ కూడానా?"

ఆయన ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఓబర్‌మాయర్... కొండ వైపు, పై అంతస్తులో ఒక తలుపు ఉండేది. నైరుతి మూల. నీటి ఊట వస్తోందని సాకు రాసి, డ్రాయింగు మార్పించి, దాన్ని కూడా నేనే గోడ కట్టించి మూయించాను."